సున్నా చూపించిన దోర్లీ పాఠం

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఎండాకాలం చివర్లో, నన్ను జగదల్‌పూర్‌లోని ఒక ఆరోగ్య శిక్షణ కేంద్రంలో సాంకేతిక అధికారిగా వేశారు. మితానిన్లకు, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తలకు, వీడియో పాఠాలు అందించే సర్వర్ నా బాధ్యత. నెట్‌వర్క్ అందని ఉపకేంద్రాల్లో పాఠాలను దాచుకుని చూపించే ఒక్కో చిన్న పెట్టె ఉండేది. నర్సులు నెలకోసారి దాన్ని నెట్‌వర్క్ ఉన్న దోర్నపాల్‌కు తెచ్చి ఇంటర్నెట్‌కు కలిపితే సర్వర్లో ఉన్న పాఠాలు అందులోకి చేరేవి. సర్వర్లో తీసేసినవి పెట్టెలోంచీ పోయేవి.

నేను చేరేసరికి డిస్క్ నిండిపోయి కొత్త పాఠాలు ఎక్కడం లేదు. ఫైళ్లన్నిటి జాబితా తీసి, ఎన్నిసార్లు చూశారన్న లెక్క ప్రకారం పేర్చాను. అడుగున కొన్నింటికి కెమెరా ఇచ్చిన అంకెలే పేరు. చూసినవారు సున్నా. ఒకటి తెరిస్తే ఎవరో ఆమె నాకు అర్థంకాని భాషలో మాట్లాడుతోంది. పరీక్ష కోసం తీసినవనుకుని అన్నీ తొలగించాను. ఆ వారాంతంలో బ్యాకప్‌లోంచీ అవి పోయాయి.

వానలు పడ్డాక కిష్టారం వైపు పనిచేసే నర్సు సుశీల ఫోన్ చేసింది.

"మేడం, ఉప్పు చక్కెర నీళ్ల వీడియో ఏంది, పెట్టెల కనబడ్తలేదు? ఊర్ల విరేచనాలు మొదలైనయి. హిందీది పెడితే ఎవ్వరు కూసోని చూస్తలేరు."

నేను తొలగించినవాటిలో అదీ ఒకటి; అక్కడివాళ్లు మాట్లాడే దోర్లీ భాషలో ఉన్న పాఠం అదొక్కటే. అటువైపు ఊళ్లలో చాలామంది దాన్ని పెట్టెలో చూసేవారు. పెట్టెలు ఆ లెక్కను సర్వర్‌కు పంపవు; ఆ సంగతి నేను ముందు విచారించలేదు. దాన్ని తొలగించింది నేనేనని చెప్పాను. వీడియోలో మాట్లాడిన జోగమ్మ ఫోన్లో కాపీ ఉందేమో కనుక్కుంటానంది సుశీల.

ఉంది. మర్నాడు బస్సులో దోర్నపాల్ వెళ్లాను. సుశీల తన మోటార్‌సైకిల్ మీద జోగమ్మను, పెట్టెను తీసుకొచ్చింది. జోగమ్మ నాట్లు వదిలేసి వచ్చింది, పాదాల మీద బురద ఎండిపోయి ఉంది. ఫోన్లో బొమ్మ మసకగా ఉన్నా గొంతు స్పష్టంగా వినిపించింది. కాపీ అవుతుండగా ఆమె అడిగింది:

"మా మాట నీకు తెలవదు గదా అక్కా. పనికిరాదని నీకెట్ల తెల్సింది?"

పాఠంలోని మాటల అర్థం ఆమెతో మొదటి నుంచీ చెప్పించుకుని ఫైలుకు పేరు, భాష, విషయం రాశాను. దాన్ని సర్వర్లోకి ఎక్కించి, పెట్టెను అక్కడే ఇంటర్నెట్‌కు కలిపి ఇచ్చాను. వాన అందుకోకముందే వాళ్లు బయలుదేరారు.

ఆ వారం ఇద్దరు పిల్లలను కోంటా ఆసుపత్రికి మోసుకెళ్లారని, ఇద్దరూ కోలుకున్నారని సుశీల తర్వాత చెప్పింది. పాఠం ముందే ఉంటే అంతదాకా వచ్చేదో కాదో తెలియదు. తొలగించిన మిగతా ఫైళ్లలో ఏముందో కూడా ఇప్పటికీ తెలియదు.

నివేదికలో సాంకేతిక లోపమని రాస్తే సరిపోతుందని పైఅధికారి అన్నారు. నిర్ణయం నాదేనని రాశాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను.

జాబితాలోని సున్నా సర్వర్‌కు తెలిసినంతే చెబుతుంది. ఆ తర్వాత నాకు రాని భాషలో ఉన్న ఏ ఫైలునూ, ఆ భాష వచ్చినవారికి వినిపించకుండా తొలగించలేదు.