కోమలవల్లి జెరేనియం

శాలిబండలో అర్చకుడు రంగనాథ్ భార్య కోమలవల్లి చిన్ననాటి నుంచి దేవుడికి మాలలు కడుతూనే ఉంది. అయినా ఒక్క పువ్వునైనా మనసారా వాసన చూసింది లేదు. దేవుడికి పెట్టకముందే వాసన చూస్తే పువ్వు ఎంగిలైపోతుందని వాళ్లింటి పట్టింపు. పెట్టాక చూద్దామంటే, స్వామి మెడలోంచి దిగిన పూలకు కర్పూరం వాసన తప్ప మరేమీ మిగలదు. ముక్కున్న మనిషి గాలి పీల్చదా అంటారేమో. పీల్చేది, పీల్చి దొంగతనం చేసినట్టు ఉలిక్కిపడేది.

హైదరాబాదు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన యేడు, వానలు మొదలవుతుండగా పక్కింటి వజీరున్నీసా డాల్డా డబ్బాలో ఒక మొక్క తెచ్చి ఇచ్చింది. ఆమె మగడు దస్తగీర్ ఒక నవాబుగారి బంగ్లాలో తోటమాలి. మొక్క పేరు జెరేనియం. వజీరున్నీసా ఒక ఆకు నలిపి ముఖం దగ్గర పెట్టగానే కోమలవల్లి అలవాటుగా తల తిప్పుకుంది.

"దేవునికి పెట్టేది గాదు అక్కా. ఫికర్ చెయ్యకు, చూడు."

చూసింది. గులాబీయో, నిమ్మతొక్కో, తడిసిన మట్టో తెలియలేదు. కళ్లు మూతలు పడ్డాయి. ఎన్నడూ చూడని చల్లని కొండ ఊరేదో కళ్ల ముందు కదిలింది. పొయ్యి మీద పప్పు మాడుతున్న సంగతే గుర్తు రాలేదు. ఆ రోజు మొదలు మధ్యాహ్నం పని తీరగానే ఒక ఆకు నలుపుకొని వసారాలో కూర్చునేది. అంతసేపూ ఆమె ఎవరికీ చెందని మనిషి.

ప్రేమ కొద్దీ రోజూ పొద్దున తులసికి పోసిన చెంబుతోనే దానికీ పోసింది. తడి మీద తడి. శ్రావణం వచ్చేసరికి ఆకులు పసుపెక్కాయి, కాండం మొదలు నల్లబడి మెత్తబడింది. ఆ వాసన ఇక దొరకదనుకునేసరికి ఏడుపు ఆగలేదు.

"రోజు పోస్తున్నవా?" వజీరున్నీసా తల కొట్టుకుంది. "ఇది తులసమ్మ గాదు. మట్టి ఎండినంకనే నీళ్లు. వాన పడనియ్యకు, ఎండ మట్టుకు తగలనియ్యి."

పైన పచ్చగా మిగిలిన ఒకే ఒక్క కొమ్మను ఆమె కోసి, కోసిన చోటు ఆరేదాకా నీడన పెట్టి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చింది. చూరు కింద డబ్బా పెట్టి వెళ్లింది. ఇక కోమలవల్లి అవస్థ చూడాలి. తులసికి పోసి, చెంబులో నీళ్లుండగానే ఆ డబ్బా ముందు నిలబడేది. దాహమేస్తుందేమో అని ప్రాణం కొట్టుకునేది. చెయ్యి కట్టేసుకున్నట్టు వెనక్కి తిరిగేది. వేలు పెట్టి చూస్తే మట్టి పొడిపొడిగా తగిలిన నాడే, గుక్కెడు పోసేది.

కొమ్మ బతికింది. వానలు వెళ్లాక డబ్బా పిట్టగోడ ఎక్కింది. ధనుర్మాసంలో ఎర్రటి గుత్తి విచ్చింది.

ఒకరోజు తెల్లవారుతూనే పూలు తెచ్చే మల్లన్నకు జ్వరమని కబురొచ్చింది. గుడికి వేళవుతోంది. వాకిట్లో తులసి తప్ప ఏమీ లేదు. రంగనాథ్ పిట్టగోడ వైపు చూశాడు.

"గా ఎర్రగుత్తి మస్తుగుంది. తులసిమాల నడుమ కడితే స్వామికి కళ వస్తది. తెంపు."

ఆమె గోడ దగ్గరికి వెళ్లింది. తెంపలేదు. వంగి, గుత్తిలో ముఖం పెట్టి, గుండెనిండా ఊపిరి పీల్చింది. అతని ఎదుటే.

రంగనాథ్ నిర్ఘాంతపోయాడు. "ఏంది కోమలా, గిట్ల జేస్తివి?"

"ఇదొక్కటి నాకు ఉండనియ్యుండ్రి."

అతను తులసి దళాలు తానే కోసుకొని గుడికి బయలుదేరాడు. కోమలవల్లికి లోపల చెప్పలేనంత సంతోషం. వాసనంతా ఆకులోనే, అసలు ఆ పువ్వుకు ఏ వాసనా లేదు.