జిందా లెవీ

అల్ ఖర్జ్‌లో ఒక డెయిరీవాడు తన ఆవును సౌదీ ఉద్యోగిగా రాయించి నితాకత్‌లో ఎరుపు నుంచి ఆకుపచ్చకు ఎక్కాడని నేను చెబితే, మా గదిలో అందరూ నమ్మారు. ఆవుకు జీతం ఎంతని కూడా అడిగారు. కంపెనీలో సౌదీలు ఎందరున్నారో చూసి అక్కడి సర్కారు రంగు వేసేదే నితాకత్. రంగు ఎర్రబడితే మేం అక్కడ ఉండే పర్మిట్లు, ఇకామాలు, రెన్యువల్ కావు.

అలాంటి కతలల్లే నేను ఒకసారి నిజం చెప్పబోయి ఓడిపోయాను.

అప్పుడే సౌదీలో మాలాంటి పరదేశీల మీద లెవీలనే పన్నులు మొదలయ్యాయి. మనిషి ఉన్నందుకు ఒకటి, పెళ్లాం పిల్లలు వెంట ఉన్నందుకు ఇంకొకటి. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కునే ఓపిక కూడా లేక మంచాల మీద వాలిపోయి అదే మాట. నా కింది మంచం అన్న జగిత్యాల వైపు మనిషి, షట్టరింగ్ పని. లెవీ అంటేనే ఆయనకు దడ. వెనకట లెవీ ధాన్యం కోసం వచ్చినవాళ్లు గుమ్మిలో చేయి పెట్టి విత్తనాల వడ్లు కూడా కొలుచుకుపోయారని వాళ్ల నాయన చెప్పేవాడట.

ఒక శుక్రవారం ఊరి నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నా, నువ్వు సౌదీల సచ్చిపోతే మన రెండెకరాల మీద అక్కడి లెవీ, ఇక్కడి పన్ను రెండూ పడ్తయట. ముందుగాల నా పేరు మీద చేసెయ్యి.”

అన్న ఎంబసీకి వెళ్లి పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వడానికి సిద్ధమయ్యాడు. అది తెలిసి వదిన ఫోన్‌లో ఏడ్చింది. స్పీకర్‌లో గదంతా విన్నాం.

“భూమి మరిది చేతికి పోతే రేపు నేను ఎవ్వలింటి ముంగట నిలవడాలె?”

నేను మంచం దిగాను. “అన్నా, సచ్చినోని ఆస్తి మీద పన్ను మన దేశంల ఎప్పుడో ఎత్తేసిండ్రు. ఈడ కూడ లేదు. నువ్వు పోతే భూమి వదినకు, పిల్లలకు పోతది. కాయితాలల్ల పేరు మార్పిచ్చుకోవాలె, గంతే.”

“నీ కతలు నా తానరా? బతికున్నోని మీదనే ఏస్తున్నరు, సచ్చినోన్ని ఇడుస్తరా?”

“ఒట్టు అన్నా.”

“ఏదీ, నీ ఆవు మీద ఒట్టెయ్యి!”

గదంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అదే నిజాన్ని మార్చి మార్చి చెప్పాను. నిజం చెప్పడం ఎంత అలుపో అప్పుడే తెలిసింది. ఎక్కడా కాస్త రంగు పూసుకోనివ్వదు.

చివరికి ఆయన ఎంబసీకని ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే నా పాత దారికే వచ్చాను.

“పో అన్నా. జిందా లెవీ పైసలు కూడ పట్టుకపో.”

“అదేంది?”

“బతికుండంగ రాసిస్తే పడేది. సచ్చినంక పడేదానికి రెండింతలు. ఈడ బతా బజార్ల పనిచేసే ఒకాయన ఊర్లె మామిడితోట తమ్మునికి రాసిచ్చిండు. తెల్లారి ఏలిముద్ర మిషన్ల ఏలు పెడితే, ఈ మనిషి అంత ఇచ్చేసిండు, ఇగ లేడు అని చూపెట్టిందట.”

అన్న మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు విప్పాడు. తమ్ముడికి ఫోన్ చేశాడు. “ఇప్పుడు కాదు రా. జిందా లెవీ ఉందట.”

తర్వాత మా కంపెనీ ఎర్రబడింది. అన్నకు ఎగ్జిట్ కొట్టారు, ఇక ఇంటికే. భూమి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ఎయిర్‌పోర్టు వ్యాన్ దగ్గర అట్టపెట్టె దించి మెల్లగా అడిగాడు.

“జిందా లెవీ యాడ కట్టాలె, తమ్మీ? నేనైతే బతికే పోతున్న.”

“ఇన్నేండ్ల సంది నువ్వు ఈడ కట్టింది గదే అన్నా.”

“రసీదు ఇయ్యలే గద!”

వంగిపోయిన ఆయన నడుముకు చేయి ఆనించి వ్యాన్ ఎక్కించాను.