లేసు కట్టుకునేంత సేపు

పుంగనూరు గ్రౌండులో బహుమతుల బల్ల మీద ఆ శాలువా చూసినప్పటి నుంచి నాకు ఒకచోట నిలబడబుద్ధి కాలేదు. కప్పు ఉంది, మెడల్సు ఉన్నాయి. పక్కనే గుంజకు కట్టిన మొదటి బహుమతి పొట్టేలు, తన మెడలో వేసిన బంతిపూల దండను తానే నములుతూ ఉంది. ముఖ్య అతిథికి జరీ అంచు శాలువా వేరేగా పెట్టారు. మరి ప్లాస్టిక్ కవరులో ఉన్న ఈ రెండో శాలువా ఎవరికి?

ఎవరికో నాకు తెలుసు. మా వైపు ఒక మనిషిని ఇక రావద్దని మొహం మీద ఎవరూ చెప్పరు. మైకులో నాలుగు మంచి మాటలు చెప్పి శాలువా కప్పుతారు. నాకంటే ముందు ఇక్కడ రెఫరీగా విజిల్ ఊదిన పెద్దాయనను అట్లాగే సాగనంపారు. మరుసటి ఏడాది ఆయన తాడు అవతల, జనంలో నిలబడి మ్యాచ్ చూశాడు. ఫౌలు జరిగినప్పుడల్లా ఆయన చెయ్యి దానంతట అదే పైకి లేవడం నేను చూశాను. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తే.

ఫైనల్ మొదలవడానికి ఇంకా చాలా సేపు ఉంది. నేను గోల్ పోస్టు దాకా నడిచాను, తిరిగి వచ్చాను. వల ముడులు లాగి చూశాను, సున్నం గీతలు చూశాను, మళ్ళీ శాలువాను చూశాను. కమిటీ కార్యదర్శి కుర్చీ చూపించి, "కూర్చో తాతా, యాల తిరుగుతాండావు?" అన్నాడు. కూర్చుంటే మోకాలు లేవనివ్వదని అతనికి చెప్పే పరిస్థితి కాదు.

ఆ మోకాలి సంగతి చెప్పాలంటే నా లేసు సంగతి చెప్పాలి.

మాది మదనపల్లె. ఐదో తరగతితో బడి మానేసి టమోటా మండీలో వేలం వేసి బతికాను. క్రేట్ల వరుస ముందు నిలబడి ధర అరవడం నా పని. ఫుట్‌బాల్ రూల్సు నాకు నేర్పిన వాడెవడూ లేడు. పాత పుస్తకాల అంగడిలో దొరికిన ఇంగ్లీషు రూల్సు పుస్తకాన్ని, పక్కన డిక్షనరీ పెట్టుకొని గీకి గీకి చదివాను. రెఫరీ నిర్ణయాన్ని ఆటగాడు మాటతో గానీ చేష్టతో గానీ ఎదిరిస్తే ఎల్లో కార్డు చూపించమని అందులో ఉంది. అంతే, అంతకు మించి లేదు. అది రాసిన మహానుభావుడు ఎండాకాలం మధ్యాహ్నం పుంగనూరు మీదికి కుప్పాన్ని ఆడించి చూసి ఉండడు. ఇక్కడ నోరు మెదపకుండా ఆడేవాణ్ణి దీపం పెట్టి వెతకాలి. పుస్తకంలో ఉన్నట్టు అందరికీ కార్డులు చూపిస్తూ పోతే ఆఖరికి గ్రౌండులో నేనూ పొట్టేలూ మిగులుతాం.

కోపంతో ఎట్లా వేగాలో నాకు మండీ నేర్పింది. తంబళ్లపల్లె వైపు నుంచి, బోరు ఎండిపోగా మిగిలిన కాస్త పంటను కోసుకొచ్చిన రైతుకు, నేను అరిచిన ధర వినగానే నా చొక్కా పట్టుకోవాలనిపిస్తుంది. అనిపించాలి కూడా. నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. పక్క వరుసకు నడిచిపోయేవాణ్ణి. నిలబడి జవాబు చెబితే కోపం పెరుగుతుంది. కదిలిపోతే అది ఉన్నచోటనే తిట్టుకుంటూ ఆగిపోతుంది. కానీ గ్రౌండులో పక్క వరుస లేదు. వెనక్కి నడిస్తే భయపడ్డాడంటారు.

ఒకసారి ఇదే పుంగనూరులో, ఆఫ్‌సైడ్ ఇచ్చినందుకు ఇద్దరు నా మీదికి ఉరికారు. అదే సమయానికి నా బూటు లేసు నిజంగానే ఊడి ఉంది. వంగి కట్టుకున్నాను. నా తల వాళ్ళ కాళ్ళ దగ్గర ఉంది. వంగిన మనిషి నడినెత్తి మీద ఎవరైనా ఎంతసేపని అరుస్తారు? నేను లేచేసరికి ఒకడు వెళ్ళిపోయాడు. రెండోవాడు నడుం మీద చేతులు పెట్టుకుని అటువైపు చూస్తున్నాడు. ఆ రోజు నుంచి లేసు ఊడకపోయినా ఊడదీసి కట్టుకోవడం మొదలుపెట్టాను.

పోనుపోను ఇది మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు చోట్లా ఆచారం అయిపోయింది. నేను వంగానంటే జట్టువాళ్ళు వచ్చి తమవాణ్ణి భుజం పట్టి తీసుకుపోతారు. వంగనంత వరకు ఎవరూ కదలరు. మైకులో వ్యాఖ్యానం చెప్పేవాడు కూడా "తాత వంగినాడు, గొడవ ముగిసింది" అని ప్రకటించేస్తాడు. ఇంట్లో మా ఆవిడ నాతో గొడవపడేటప్పుడు "యాడికి వంగుతావు ఇప్పుడు, కాళ్ళకు చెప్పులు గదా ఉండేది" అని ఎగతాళి చేసేది.

ఈ ఏడాది మోకాలు వాచింది. గుంతకల్లులో రైలు దిగుతూ కాలు మెలిపడితే వాచిందని అందరికీ చెప్పాను గానీ, వయసుకు వాచింది. డాక్టరమ్మ కాలు వంచి చూసి, "నడువు, కావాలంటే పరిగెత్తు, కానీ కింద కూర్చోవద్దు, వంగవద్దు" అంది. పరిగెత్తవచ్చట, వంగకూడదట! మిగతా ప్రపంచంలో ఏ రెఫరీకైనా అది వరం. నాకు మాత్రం చేతిలోని పనిముట్టు లాక్కున్నట్టయింది.

ఆట మొదలైంది. కుప్పం జట్టు బాగా ఆడింది. ఉన్నమాట చెప్పాలి, పుంగనూరు కంటే బాగా ఆడింది. వాళ్ళ కెప్టెన్ డిఫెన్సు మధ్యలో నిలబడి తెలుగులో ఒకణ్ణి, తమిళంలో ఒకణ్ణి అదిలిస్తూ జట్టును నడిపించేవాడు. గొంతు చించుకుని అరిచే మనిషే గానీ మురికి ఆట ఆడేవాడు కాదు. రెండు జట్లకూ గోలు లేదు. ఇంకొద్దిసేపట్లో ఆట ముగుస్తుందనగా పుంగనూరువాడు కొట్టిన బంతి గోలు ముందర ఆ కెప్టెన్ చేతికి తగిలింది. చెయ్యి ఒంటికి దూరంగా ఉంది. నేను దగ్గరలోనే ఉన్నాను. విజిల్ ఊది పెనాల్టీ చూపించాను.

అతను గాలిదుమారంలా వచ్చాడు.

"యోవ్ తాతా! యాడ తగిలిందయ్యా సేతికి? భుజానికి తగిలింది! ఈడ!" అని భుజం చరుచుకున్నాడు. "కండ్లు పుంగనూరోళ్ళకు ఇచ్చేసినావా? పొద్దున ఏం పెట్టినారు నీకు టిఫినుకు?"

జవాబు చెప్పకూడదని తెలిసిన నేనే నోరు జారి, "ఉప్మా" అన్నాను.

పక్కనున్న పుంగనూరువాళ్ళు పగలబడి నవ్వారు. అతనికి మరింత మండింది. నవ్వినవాళ్ళను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఇక లాభం లేదని వంగబోయాను. నడుం వరకు వంగాను. మోకాలు బిగుసుకుపోయింది. ఎంత బలవంతపెట్టినా రాలేదు. సగంలోనే లేచి నిలబడ్డాను. అది దండం పెట్టినట్టుగా కనిపించిందేమో, జనం ఈలలు వేశారు.

మైకులోనివాడు ఊరుకోడు కదా. "సూడండి, కుప్పం కెప్టెన్ మాట్లాడతానే ఉండాడు... తాత ఇంకా వంగలే... వంగుతాడు, ఇప్పుడు వంగుతాడు..."

బల్ల వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. కార్యదర్శి శాలువా కవరు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఇక్కడ కొట్లాట జరిగిందంటే నా కథ ముగిసినట్టే. జరగకపోయినా ముగించాలనే వాళ్ళు చూస్తున్నారు. కనీసం మ్యాచ్ చెడగొట్టాడనే పేరుతో పోకూడదు. అది ఒక్కటే నా పట్టుదల. కుప్పం పిల్లలంతా నడుం మీద చేతులతో నిలబడి ఉన్నారు. ఒక్కడూ వచ్చి తమవాణ్ణి పట్టుకోడు. నేను వంగాలి, అప్పుడు వాళ్ళు రావాలి. ఆచారం అది.

కెప్టెన్ అరుస్తూనే ఉన్నాడు. అన్నదే అంటున్నాడు. చెయ్యి నా ఛాతీ దాకా వచ్చి జానెడు దూరంలో ఆగింది. తగిలితే రెడ్ కార్డు. దానికి డిక్షనరీ అక్కర్లేదు. నా చెయ్యి జేబులోకి పోయింది. అప్పుడు గమనించాను. అతని కళ్ళు నా మొహం మీద లేవు. నా బూట్ల మీద ఉన్నాయి.

గొంతు తగ్గించి, "వంగు తాతా" అన్నాడు.

నేనూ నా బూట్ల వైపు చూసుకున్నాను.

"యాల వంగవు? నువ్వు వంగితే నేను పోతా గదా! ఎంతసేపని అరవాలప్పా?"

ఇన్నేళ్ళూ ఆ లేసు నా కోసమే కట్టుకుంటున్నాననుకున్నాను. కోపగించుకున్నవాడికి వెనక్కి తిరగడానికి ఒక దారి కావాలి. ఊరంతా చూస్తుండగా ఉత్తినే తిరిగిపోలేడు. ఆ దారి నా దగ్గర ఉండేది, ఇప్పుడు మూతపడింది. అతను బయటికి రాలేక లోపలే తిరుగుతున్నాడు.

"మోకాలు రాదురా నాయనా," అన్నాను, అతనికి మాత్రమే వినబడేలా.

అతను నా మోకాలి వైపు చూశాడు. ఒక్క క్షణం నా కాళ్ళ మీద పడతాడేమోనని భయపడ్డాను. పడితే మైకులోనివాడు దాన్ని పెద్ద సినిమా చేసేవాడు. కానీ అతను కిందికి కూర్చుని, తన బూటు లేసే ఊడదీశాడు. బిగుతుగా, చక్కగా ఉన్న ముడి. దాన్ని విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ కట్టుకున్నాడు. మైకు కూడా నోరు మూసుకుంది.

వాళ్ళ గోల్‌కీపరు వచ్చి భుజం పట్టుకుని, "రా మచ్చా, పోదాం," అన్నాడు.

కెప్టెన్ లేచి నిలబడ్డాక అతనికి ఎల్లో కార్డు చూపించాను.

"ఇది యాలకు?"

"మాటకు."

"మరి ఉప్మాకు నీకెవురు సూపిస్తారు కార్డు?" అనేసి వెళ్ళిపోయాడు.

పెనాల్టీ గోలైంది. పుంగనూరు గెలిచింది. పొట్టేలును భుజాలకెత్తుకుని ఊరేగుతుంటే కార్యదర్శి నా దగ్గరికి వచ్చి చెవిలో, "మంచి పని చేసినావు తాతా, మన పరువు నిలబెట్టినావు," అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. మొహం మీద తిట్టినవాడే నయం. వాడు కోపంలో ఏమన్నా చివరికి నా చూపు తప్పన్నాడు. వీడు నేను అమ్ముడుపోయానని నమ్మి, దానికి మెచ్చుకుంటున్నాడు! "అది హ్యాండ్ బాలు కాబట్టి ఇచ్చినాను. నీ పరువు నా జేబులో లేదు," అన్నాను. అతను నవ్వి భుజం తట్టాడు. ఇట్లాంటివాళ్ళకు కోపం కూడా ఎక్కదు.

అంతలో మైకులో నన్ను పిలిచారు. పెద్దలు, అనుభవజ్ఞులు, విశ్రాంతి తీసుకోవలసిన వయసు అంటూ పొగిడారు. కవరు చిరిగిన చప్పుడు మైకులో వినబడింది. శాలువా నా భుజాల మీద పడింది. ఫోటో తీశారు. కార్యదర్శి చెయ్యి చాపి, "విజిల్ ఇట్లా ఇయ్యి తాతా, మా ఆఫీసులో గుర్తుగా పెట్టుకుంటాం," అన్నాడు.

నేను ఇవ్వలేదు. విజిల్‌ను పిడికిట్లో బిగించి పట్టుకున్నాను.

రెండో బహుమతి అందుకోవడానికి వరుసలో ఉన్న కుప్పం కెప్టెన్ అక్కణ్ణించే అరిచాడు. "విజిలు యాల అడుగుతావు సామీ? వచ్చే నెల మా ఊర్లో టోర్నమెంటు ఉండాది. తాత ఆడికి రావాల."

"నీకు అన్యాయం చేసినాడంటివి గదప్పా ఇప్పుడే?" అన్నాడు కార్యదర్శి.

"సేసినాడు. అది భుజమే. సచ్చేదాకా సెప్తా. తప్పు సూసినాడు గానీ, ఎవురికీ అమ్ముడుపోలే." నా వైపు తిరిగి, "రా తాతా. ఆడ గూడా తిడతా," అన్నాడు.

మదనపల్లె బస్సులో ఆ శాలువాను మోకాలికి చుట్టుకున్నాను. మంచి ఉన్ని, వెచ్చగా ఉంది. దారి పొడవునా సీటులో అటూ ఇటూ కదులుతూ, బంతి మోచేతికి తగిలిందా భుజానికి తగిలిందా అని నాలో నేను వేలం వేసుకుంటూనే ఉన్నాను. చేతికే తగిలింది.

మరుసటి నెల కుప్పంలో ఆటకు ముందు ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి చెప్పాను. "నా మోకాలు వంగదు. ఎవురికి కోపం వస్తే వాళ్ళు తమ లేసే కట్టుకోవాల. కట్టుకునేంత సేపు నేను ఆగుతాను." పెనాల్టీ కెప్టెన్ పెద్దగా నవ్వాడు. బైరెడ్డిపల్లె నుంచి వచ్చిన అవతలి కెప్టెన్ ఇదేం రూలని నన్ను ఎగాదిగా చూశాడు.

ఆట మొదలైన కాసేపటికే ఒక ఆఫ్‌సైడ్‌కు బైరెడ్డిపల్లెవాడొకడు కేకలు పెడుతూ నా మీదికి వచ్చాడు. సగం దూరంలో ఏదో గుర్తొచ్చి ఆగాడు. కాళ్ళ వైపు చూసుకున్నాడు. వట్టికాళ్ళతో ఆడుతున్నాడు మహానుభావుడు. నన్ను చూశాడు, మళ్ళీ కాళ్ళు చూసుకున్నాడు. కింద కూర్చుని అరికాలు ఎత్తి, లేని ముల్లును తీయడం మొదలుపెట్టాడు.

విజిల్ నోట్లో పెట్టుకుని ఆగాను.