పది నిమిషాలన్న

కొండమీదికి వెళ్ళే రోప్‌వే ఆగినప్పుడల్లా అతనికి పని మొదలయ్యేది. చేతిమైకు భుజానికి తగిలించుకుని, తీగల కింద కాలిబాట వెంట ఎక్కుతూ, గాల్లో వేలాడుతున్న ఒక్కో డబ్బా కింద నిలబడి, "భయపడకండి, పది నిమిషాల్లో కదులుతుంది" అని చెప్పాలి. కంపెనీ నేర్పిన మాట అది. ఆ పది నిమిషాలు గంటయ్యేవి, రెండు గంటలూ అయ్యేవి. పంతొమ్మిదేళ్ళుగా ఇదే ఉద్యోగం. స్టేషను ఎదుటి టీ దుకాణంవాళ్ళు అతనికి 'పది నిమిషాలన్న' అని పేరు పెట్టారు. మొదట్లో తనూ నవ్వేవాడు. పోనుపోను అసలు పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

టికెట్టు కొనబోయేవాళ్ళు అతన్నే పక్కకు పిలిచి అడిగేవారు.

"అన్నా, మధ్యలో ఆగిపోతుందట కదా! నమ్మి ఎక్కొచ్చా?"

"ఎక్కండి. పైనుంచి చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు" అనేవాడు. అతను మాత్రం ఒక్కనాడూ ఎక్కలేదు.

భార్య ఇంట్లో మిషను కుట్టేది. దగ్గర్లోని బడి పిల్లల యూనిఫాంలన్నీ ఆవిడ చేతిమీదే తయారయ్యేవి. ఒక్కసారి ఆ డబ్బా ఎక్కాలని ఆవిడకు ఎన్నేళ్ళ నుంచో ఆశ. అడిగినప్పుడల్లా గాలి ఎక్కువగా ఉందనో, మోటారు విప్పారనో అతను దాటవేసేవాడు. నెలకు నాలుగుసార్లయినా ఆగేది మరి.

ఒకరోజు పొద్దున అతని చొక్కాకు బొత్తాం కుడుతూ ఆవిడ నిలదీసింది.

"దారినపోయేవాళ్ళందర్నీ ఎక్కమంటారు. నాకొక్కదానికేనా గాలి ఎక్కువ?"

"నీకు షుగరుంది. మధ్యలో ఆగితే ఇబ్బంది."

"ఆగితే పది నిమిషాలేగా? మీరేగా చెప్తారు!"

ఆ మాట అబద్ధమని, ఆ అబద్ధానికే తనకు జీతమిస్తున్నారని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. సిబ్బంది ఇళ్ళవాళ్ళకిచ్చే ఉచిత పాసు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"సరే, ఇవాళే వెళ్ళిరా. ఏం కాదులే."

పదకొండింటికి లైను ఆగింది. ఆవిడున్న ఏడో నంబరు డబ్బా సరిగ్గా లోయ అంచున నిలిచిపోయింది. అతను రొప్పుతూ ఎక్కుతుంటే మేనేజరు వాకీటాకీలో అన్నాడు: "గేరు విరిగింది. సాయంత్రం దాకా కదలదు. నువ్వు మాత్రం మాట మార్చకు, జనం గోల చేస్తారు."

ఏడో నంబరు కింద నిలబడ్డాడు. ఆవిడ అద్దానికి ముఖం ఆనించి చూస్తోంది. అతను మైకు ఎత్తి, "భయపడకండి, పది నిమిషాల్లో కదులుతుంది" అన్నాడు. ఆవిడ నవ్వి చెయ్యి ఊపింది.

గంటన్నర తర్వాత ఫోను మోగింది.

"ఏవండీ, ఇంకెంతసేపు?" గొంతు బాగా తగ్గించింది. "బాత్రూంకి వెళ్ళాలి. నావల్ల కావడం లేదు. ఇందులో బడి టీచరమ్మ కూడా ఉంది."

"ఇంకాస్త ఓర్చుకో."

"ఎంతసేపో చెప్తే ఓర్చుకుంటా. మీకు తెలుసా, తెలీదా?"

అతను తలెత్తి డబ్బా వంక చూశాడు.

"తెలీదు" అన్నాడు.

ఫోను పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా తియ్యలేదు.

నాలుగింటికి ఒక్కొక్కరినీ తాళ్ళతో కిందికి దించారు. ఆవిడ అందరికన్నా ఆఖర్న దిగింది, ఎవరో ఇచ్చిన దుప్పటి నడుముకు చుట్టుకుని. టీచరమ్మ మంచి మనిషి. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. అతను చెయ్యి అందించబోతే భార్య పట్టుకోలేదు.

ఇంటికొచ్చి స్నానం చేసి, యూనిఫాంలకు కత్తిరించి పెట్టిన గుడ్డంతా మూటగట్టింది.

"ఇది బడిలో తిరిగిచ్చేసి రండి."

"ఆ టీచరమ్మ ఎవరితోనూ అనదే!"

"అనకపోయినా ఆవిడకి తెలుసుగా."

మూట రెండ్రోజులు గుమ్మం పక్కనే పడి ఉంది. మూడోనాడు అతనే తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆవిడ గడప దాటడం మానేసింది. ఎవరైనా తలుపు తడితే లోపలి గదిలోకి వెళ్ళిపోయేది.

వేరే పని ఇమ్మని అతను మేనేజరును అడిగాడు. టికెట్లు చింపమన్నా సరే, మెట్లు ఊడవమన్నా సరేనన్నాడు.

"నీ గొంతు వింటేనే జనం నిమ్మళంగా కూర్చుంటారయ్యా. ఇంకొకడి మాట నమ్మరు" అన్నాడు మేనేజరు, మెచ్చుకుంటున్నట్టు.

ఇంటికొచ్చి, ఉద్యోగం మానేస్తానన్నాడు.

"మానేసి? నా మిషనూ ఆగిపోయె. ఇద్దరం గోడలు చూస్తూ కూర్చుందామా? వెళ్ళండి" అంది. ఆ మాటలో కోపం లేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

మర్నాడు వెళ్ళి, కాలిబాట మొదట్లో రాతిమీద కూర్చున్నాడు. ఆరోజు లైను ఒక్కసారి కూడా ఆగలేదు. డబ్బాలు నిండుగా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాయి. పైనుంచి పిల్లలు కేరింతలు కొడుతూ చేతులు ఊపుతున్నారు. సాయంత్రం దాకా అతను అలా కూర్చునే ఉన్నాడు.