లాభం, రెండు, మూడు

డెబ్భైల్లో ఒక వేసవి. తిరువూరులో బస్సు కదలబోతుండగా మామిడిపళ్లు కొంటున్నాను. ముసలి వ్యాపారి "లాభం, రెండు, మూడు" అంటూ సంచిలో వేస్తున్నాడు. బొంబాయిలో పెరిగిన నాకు ఆ లెక్క కొత్త.

"ఒకటేదీ? మోసమా?" అని అరిచాను. జనం మూగారు. ఆయన మొహం ఎర్రబడింది.

"మొదటిదాన్ని లాభమనే అంటామండి." నా చేతిలోని టెన్నిస్ రాకెట్ చూశాడు. "మరి మీ ఆటలో లెక్కేంటి?"

"సున్నాని లవ్ అంటాం. తర్వాత పదిహేను, ముప్ఫై, నలభై."

"నలభై ఐదు కదా రావాలి? ఆ ఐదూ ఎవరు మింగారండి?"

ఒకప్పుడు నలభై ఐదే ఉండేదట, పలకడానికి పొడవని కుదించారట అని గొణిగాను. డ్రైవరు హారన్ కొట్టాడు.

ఆయన నవ్వలేదు. డజను పూర్తిచేసి ఇంకో పండు వేశాడు. "మీ ఆటలో ఐదు పోయినా, నా దగ్గర ఒక్కటీ పోదండి. ఇదిగో, కొసరు."