చావింట్లో టీ

ఆమెను అన్నపూర్ణ అనొద్దు. ఆమె పోయినప్పటి నుంచి ఈ మాట విని విని నాకు విసుగెత్తింది. ఫోన్ చేసినవాళ్ళదీ అదే మాట, ఎదురుపడినవాళ్ళదీ అదే మాట. పదకొండో రోజున గోడకు తగిలించిన ఫొటో కింద కూడా ఎవరో రంగు అక్షరాలతో అదే రాయించారు. దేవత అనేస్తే మనకు సులువు. దేవతకు మోకాళ్ళు నొయ్యవు, చేతుల మీద నూనె చిట్లిన మచ్చలుండవు, పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు కాసేపు కూచోమని చెప్పాల్సిన పని ఉండదు. నా స్నేహితురాలికి ఆ నొప్పులూ, ఆ మచ్చలూ ఉన్నాయి. వాటితో పాటు మొండితనమూ, ముక్కు మీద కోపమూ, గుక్క తిప్పుకోకుండా అబద్ధాలాడే అలవాటూ ఉన్నాయి.

ఆమె ఎర్ర ఫ్లాస్కు ఇప్పుడు సిరుగుప్పలో నా ఇంట్లో ఉంది. తెలిసినవాళ్ళింట్లో చావు కబురు వినగానే నేను మొదట చేసే పని దాన్ని వేడినీళ్ళతో కడగడం. దాని మూలంగా మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు నాకు కబురు చెప్పడమే మానేశారు. మాననీ.

ఆమెను నేను మొదట చూసింది పెళ్ళయిన కొత్తలో. నేను సిరుగుప్ప దగ్గర క్యాంపులో పుట్టినదాన్ని. కాలువ నీళ్ళు వస్తున్నాయని మా తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి వరి పొలాలు కొనుక్కున్నవాళ్ళం. మాలాంటి వాళ్ళు కట్టుకున్న ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. నా భర్తకు ఒక లారీ ఉండేది. సండూరు గనుల నుంచి ఖనిజం తోలేవాడు. బళ్ళారి సత్యనారాయణపేటలో ఇల్లు అద్దెకు తీసుకొని సామాను దించుతూ ఉంటే, ఎదురింట్లోంచి ఒకావిడ పళ్ళెం నిండా తాలింపు పెట్టిన బొరుగుల ఒగ్గరాణి, పైన నాలుగు మిరపకాయ బజ్జీలు పెట్టుకొని వచ్చింది. పళ్ళెం నా చేతిలో పెట్టాకే నువ్వెవరని అడిగింది.

వాళ్ళది తరాలుగా బళ్ళారిలోనే ఉన్న తెలుగు కుటుంబం. ముందు గదిలో మిషను పెట్టుకొని జీన్స్ ప్యాంట్లు కుట్టేది. ఆ గదిలో కుర్చీ ఉండేది కాదు. ఎవరొచ్చినా ప్యాంట్ల మూటల మీద కూచోవాల్సిందే. కరెంటు బిల్లు ఇచ్చేవాడూ, దర్గా దగ్గర అత్తరు అమ్మే ముసలాయనా, వీధిలో అడ్రసు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళూ అందరూ ఆ మూటల మీద కూచుని తిన్నవాళ్ళే. నా మాట తీరు చూసి ఆమెకు ఒకటే నవ్వు. నేను "ఎక్కడ" అంటే చాలు, పది మందిని పిలిచి మళ్ళీ అనిపించేది. యాడ అనడం రాకపోతే ఈ ఊళ్ళో బతకలేవని బెదిరించేది.

ఆమె ఎవరినీ తింటారా అని అడిగేది కాదు. తాగుతారా అనీ అడిగేది కాదు. ఒకసారి నేనే అడిగాను, వాళ్ళు తిని వచ్చారేమో కనుక్కోవద్దా అని.

"అడిగితే వద్దంటారు మే. వద్దనేదానికి సందెందుకియ్యల్ల?" అంది.

కన్నడంలో సాకు అన్నా, తెలుగులో చాలన్నా, ఉర్దూలో బస్ అన్నా ఆమె చెవికి ఎక్కేది కాదు. అదే ఆమెకు మనం ఏదైనా ఇవ్వబోతే మాత్రం ఎప్పుడూ ఒకటే జవాబు. "ఇప్పుడే తాగితి." మా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పేది. టీ పెట్టి తెచ్చేలోగా ఇప్పుడే తాగితి అనేది. అన్నం కలిపిస్తే ఇప్పుడే తింటి అనేది. అబద్ధమని నాకు తెలుసు. ఒక మధ్యాహ్నం నేను వాళ్ళ పెరటి వైపు నుంచి వెళ్ళేసరికి, వచ్చినవాళ్ళందరినీ సాగనంపి, నీళ్ళ తొట్టి గట్టు మీద కూచుని, మిగిలిన సగం జొన్నరొట్టె ఉల్లిగడ్డ నంజుకుంటూ తింటోంది. గంట కిందటే నాతో తిన్నానని చెప్పింది. నాకు కోపం ఆగలేదు. ఎప్పుడూ పెట్టేదానివి నువ్వే కావాలా, మేమంతా తినేవాళ్ళుగానే ఉండిపోవాలా అని గట్టిగానే అడిగాను. నోరు మూసుకోమన్నట్టు సుమ్నే ఉండు మే అని కసిరి, ఆ సగంలో సగం తుంచి నా చేతిలో పెట్టింది. నేనూ తిన్నాను. ఆమెతో పోట్లాడి గెలిచినవాళ్ళను నేను చూడలేదు. వంటింట్లోకి కూడా నన్ను ఒక్కరోజూ అడుగు పెట్టనివ్వలేదు. ఈ విషయంలో ఆమె మీద నాకు కోపం ఉండేది. ఇప్పటికీ ఉంది.

మా ఆయన లారీ దగ్గరే కుప్పకూలిపోయి చనిపోయినప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు. ఎండాకాలం. పొద్దున తీసుకొచ్చి ముందు గదిలో పడుకోబెట్టారు. క్యాంపు నుంచి మావాళ్ళు రావాలి, సాయంత్రానికి గానీ ఎత్తరు అన్నారు. శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, అటూ ఇటూ ఇళ్ళల్లోనూ వెలగదు. ఆడవాళ్ళం గుంపుగా కూచుని ఏడుస్తున్నాం. మగవాళ్ళు బయట షామియానా కింద కూచున్నారు. మధ్యమధ్య ఇద్దరిద్దరు లేచి వెళ్తున్నారు, వస్తున్నారు. ఏవో ఏర్పాట్లు అనుకున్నాను. మధ్యాహ్నానికి నా నాలుక అంగిలికి అంటుకుపోయింది. ఏడుద్దామంటే గొంతులోంచి శబ్దం రావడం లేదు. నీళ్ళని అడగడానికి సిగ్గేసింది. మొగుడు పోయి పడుకొని ఉంటే దీనికి దాహం ఒకటా అనుకుంటారని.

అప్పుడు ఆమె వచ్చింది. కొంగు కింద ఎర్ర ఫ్లాస్కు. నా పక్కన చతికిలబడి, మూతలోకి టీ వంచి, అందరి ముందూ నా నోటి దగ్గర పెట్టింది. మా అత్త తరఫు ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. నా స్నేహితురాలు ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"మొగోళ్ళంతా సందు మలుపు హోటల్లో తాగి, మూతి తుడుసుకోని వస్తాండారు. ఆడోళ్ళకి గొంతు ల్యాదా?" అంది వాళ్ళతో. నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏడ్చు మే. ఏడుస్తానే తాగు."

తాగాను. ఆ టీలో అల్లం ఎక్కువైంది, చక్కెర ఇంకా ఎక్కువైంది. తాగాక ఏడుపు వచ్చింది, మనిషికి రావాల్సినంత ఏడుపు. ఆ రోజు నాకు జరిగిన మేలు అదొక్కటే. దాన్ని ఆచారం తప్పడం అంటే అననీ, నేను ఒప్పుకుంటాను.

ఆ తర్వాత పేటలో ఎవరు పోయినా ఆమె ఫ్లాస్కుతో హాజరు. ఒకరింట్లో గుమ్మంలోనే ఆపేశారు. ఇంకొకరింట్లో, ఇది చావంటే పెళ్ళి అనుకుంటోంది అన్నారు. ఆమె పెరటి దారిన వెళ్ళి ఆడవాళ్ళకు పోసి వచ్చింది. మాటలు పడలేదా అంటే, పడినాను, ఏం గాలేదు అనేది. నన్ను మా అన్నలు క్యాంపుకు రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. సిరుగుప్పలో చిన్న బడిలో టీచరు పని దొరికితే అక్కడే గది తీసుకున్నాను. నెలకోసారి బస్సెక్కి బళ్ళారి వెళ్ళి, ఆ మూటల మీద కూచుని, ఆమె పెట్టింది తిని, ఇప్పుడే తాగితి అనిపించుకుని తిరిగి వచ్చేదాన్ని. ఇలా చాలా ఏళ్ళు గడిచాయి.

పోయిన ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున ఆమె గుండె ఆగింది. ఆమె భర్త ఫోన్ చేసి, మీ అక్క పోయిందమ్మా అని పెట్టేశాడు. మొదటి బస్సు పట్టుకుని వెళ్ళాను. ఎలా వెళ్ళానంటే, ఉత్త చేతులతో. ఆ తప్పు నాకు పేటలో దిగాక గానీ తెలియలేదు. నా దగ్గర ఫ్లాస్కు లేదు.

గేటుకు పాలవాడు తగిలించిన సంచి అలాగే వేలాడుతోంది. ముగ్గురు మనుషులున్న ఇంటికి ఐదు పాకెట్లు. లోపల ఆమెను ముందు గదిలో పడుకోబెట్టారు. మిషను పక్కకు జరిపారు. ప్యాంట్ల మూటల మీద చోటు లేక ఆడవాళ్ళు వసారా దాకా కూచుని ఉన్నారు. హుబ్బళ్ళి నుంచి కూతురు రావాలి, మధ్యాహ్నం దాటుతుంది. అందరి పెదవులూ ఎండిపోయి ఉన్నాయి. బయట మగవాళ్ళు ఇద్దరిద్దరుగా లేస్తున్నారు, సందు మలుపు తిరుగుతున్నారు, వస్తున్నారు.

ఆమె తల దగ్గర అత్తగారు కూచుని ఉంది. ఎనభై దాటిన మనిషి. కోడలితో బతికినంత కాలం పోట్లాడింది. చక్కెర జబ్బు. పొద్దున అలవాటుగా మాత్ర వేసుకుందట. ఆ తర్వాత కడుపులో ఏమీ పడలేదు. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా ఉంది, వేళ్ళు వణుకుతున్నాయి. ఒంట్లో చక్కెర బాగా పడిపోయినట్టుంది. ఇంకో గంట ఆగితే ఈమెను కూడా పక్కనే పడుకోబెట్టాలి అనిపించింది. లేచి గేటు దగ్గరికి వెళ్ళి పాల సంచి తీసుకున్నాను.

ఆ వంటింట్లోకి అదే మొదటిసారి వెళ్ళడం. గట్టు మీద ఎర్ర ఫ్లాస్కు కడిగి బోర్లించి ఉంది. స్టవ్ వెలిగించాను. పాలు పోశాను. టీపొడి దొరికింది, అల్లం దొరికింది, చక్కెర దొరకలేదు. డబ్బాలన్నీ తెరిచి చూస్తూ ఉంటే తలుపు దగ్గర నీడ పడింది. ఆమె బావగారు. ఇంటికి పెద్ద.

"ఏందమ్మా ఇది? శవాన్ని ఇంట్లో పెట్టుకోని పొయ్యి ముట్టిస్తాండావు. ఇది మీ క్యాంపు గాదు."

ఆయన మీసాల దగ్గర తడి ఇంకా ఆరలేదు. యాలకుల వాసన వస్తోంది.

"మీరు యాడ తాగొచ్చినారప్పా?" అన్నాను.

అన్నాక గానీ నా నోటి నుంచి యాడ అనే మాట వచ్చిందని నాకే తెలియలేదు. ఆయన స్టవ్ ఆర్పడానికి చెయ్యి చాపాడు. నేను అడ్డం నిలబడ్డాను. నన్ను నెట్టేస్తే పడిపోతాను, మళ్ళీ లేచి వెలిగిస్తాను, అంతే అనుకున్నాను. అప్పుడు ఆయన వెనక నుంచి ఆమె భర్త వచ్చాడు. జీవితంలో పది మాటలు గట్టిగా మాట్లాడని మనిషి. అన్నను దాటుకుని లోపలికి వచ్చి, పై అరలో బియ్యం డబ్బా వెనక్కి చెయ్యి పెట్టి, చక్కెర డబ్బా తీసి నా ముందు పెట్టాడు.

"ఆడ పెడ్తాది, చీమలకి," అన్నాడు.

పెడ్తాది అన్నాడు. పెట్టేది అనలేదు. నేను అటు తిరిగి టీ కలిపాను. నాకు కన్నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

ముసలామెకు మొదటి గ్లాసు, చక్కెర దండిగా వేసి. రెండు గుక్కలు తాగి, కోడలి ముఖం వైపు చూస్తూ, దాని టీ మాదిరి ల్యాదు అంది. అని గ్లాసు మళ్ళీ చాపింది. వేళ్ళ వణుకు తగ్గింది. తర్వాత ఆడవాళ్ళందరికీ పోశాను. ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. మిగతావాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని తాగారు. బావగారు బయటికి వెళ్ళి, ఈ ఇంటి మర్యాద మట్టిలో కలిసిందని అందరికీ వినపడేలా చెప్పాడు. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడడు. నాకూ ఆయనతో పని లేదు.

ఫ్లాస్కులో చివరగా మిగిలింది ఒక గ్లాసు. దాన్ని ఆమె తల పక్కన పెట్టాను. తీసెయ్యమని ఎవరో అన్నారు. తియ్యలేదు. ఇన్నేళ్ళలో ఆమె నా చేతి టీ ఒక్క చుక్క తాగలేదు. ఇక ఇప్పుడే తాగితి అనడానికి నోరు లేదు. ఇలా గెలవాలని నేనెప్పుడూ కోరుకోలేదు. అయినా పెట్టాను.

ఒంటిగంట దాటాక కూతురు వచ్చింది. రైల్లో దారంతా ఏడ్చినట్టుంది. తల్లి మీద పడి అమ్మా అనబోతే గొంతు పెగల్లేదు, గాలి మాత్రమే వచ్చింది. నేను ఫ్లాస్కు వంచాను. ఖాళీ. చుట్టూ చూశాను. ఉన్నది ఆ ఒక్క గ్లాసే. శవం దగ్గరిది ముట్టకూడదని వెనక నుంచి ఎవరో అంటూనే ఉన్నారు. నేను గ్లాసు తీసి ఆ పిల్ల నోటి దగ్గర పెట్టాను.

"ఏడ్చు. ఏడుస్తానే తాగు," అన్నాను.

రెండు చేతులతో పట్టుకుని తాగింది. తాగాక ఇల్లంతా వినపడేలా ఏడ్చింది. నేను ఖాళీ గ్లాసు పట్టుకుని నా స్నేహితురాలి ముఖం వైపు చూశాను. ఇరవై ఆరేళ్ళకు ఒక్క గ్లాసు టీ ఆమె ముందు పెట్టగలిగాను. అది కూడా ఇంటికి వచ్చినవాళ్ళకే ఇప్పించేసింది.