దూలానికి వేలాడిన ఓడ

మేస్త్రి కట్టిన ఓడకు అడుగు లేదు. ముందుగదిలో ఇంటి దూలానికి నాలుగు తాళ్ళతో అది వేలాడుతూ ఉండేది. పైన తెరచాప కొయ్య మొదలు, దాని కింద పై డెక్కు, ఆ కింద ఫిరంగుల అంతస్తు, ఇంకా కింద నావికులు పడుకునే గుడ్డ ఊయలలు. రెండు పక్కలా పక్కటెముకల్లాంటి వంపు కొయ్యలు దిగివచ్చి, ఒకదాన్నొకటి అందుకోకుండానే ఆగిపోయాయి. కింద చతికిలబడి తలెత్తి చూస్తే, ఓడ కడుపులోంచి ఇంటి కప్పు దాకా కనిపించేది.

నిజానికి అది ఓడ కూడా కాదు, ఓడలోని ఒక ముక్కకు చెక్కబొమ్మ. పాతకాలపు యుద్ధనౌకను రొట్టె కోసినట్టు అడ్డంగా రెండుచోట్ల కోసి, నడిమి ముక్క మాత్రం తీసి పెట్టినట్టుంటుంది. లోపలి అంతస్తులన్నీ ఒకేసారి కళ్ళబడతాయి.

"ఓడంటే నీళ్ళమీద తేలాలి గానీ, మనింట్లో ఇలా ఉరేసినట్టు వేలాడ్డమేంటో!" అనేది మేస్త్రి భార్య, దాని కింద వంగి ఊడుస్తూ. "దీపం పెట్టాక ఆ నీడ గోడమీద ఊగుతుంటే నాకు ముద్ద దిగదు."

ఎదురింటి వడ్రంగి ఒకసారి చిత్రిక అడగడానికి వచ్చి, ఓడను చూసి కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు.

"మేస్త్రీ, ఎవరైనా ముందు అడుగు దూలం పరుస్తారు. దానిమీద ఎముకలు నిలబెడతారు. అంతస్తులు ఆ తర్వాత. నువ్వేంటి, ముందు కప్పు వేసి ఆనక పునాది తవ్వే రకంలా ఉన్నావే!"

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాట ఆయనకు అంతవరకూ తట్టలేదు. ముసలి ఓడల్ని ఒడ్డుకు లాగి విరగ్గొట్టే చోట సగం ఆయుష్షు గ్యాస్ కట్టరు పట్టుకుని గడిపినవాడు ఆయన. ఓడ పుట్టడం ఎన్నడూ చూడలేదు, చావడమే చూశాడు. చచ్చే ఓడ పైనుంచి మొదలవుతుంది. ముందు కొయ్యలు, గొట్టాలు, తర్వాత కెప్టెను గది, ఆ తర్వాత ఒక్కో అంతస్తూ. అడుగు చిట్టచివర. చేతులకు అలవాటైన వరసలోనే ఆయన ఈ ఓడనూ కట్టుకుంటూ దిగాడు.

దిగి దిగి, అడుగు దగ్గర ఆగిపోయాడు.

"చెక్క దొరకలేదు" అన్నాడు వడ్రంగితో. అది అబద్ధమని ఇంట్లో ఇద్దరికీ తెలుసు. మంచం కింద పాత ఓడల కేబిన్ తలుపుల చెక్క దండిగా ఉంది, ఇంకో ఓడ కట్టినా మిగిలేంత.

ఆ ఓడ కట్టాలన్న కోరిక మేస్త్రిది కాదు, బక్కోడిది.

బక్కోడు ఆయనతో పనిచేసిన జతగాడు. పేరుకు తగ్గట్టు, పిల్లి దూరే సందుంటే తానూ దూరేవాడు. అందుకని ఓడ అడుగున సరుకు నింపే చీకటి గదిలోకి, పనివాళ్ళు హోల్డు అనేదానిలోకి, ముందుగా వాణ్ణే దింపేవాళ్ళు. ఒకసారి ఒక ఓడలో, కెప్టెను గదిలో, గోడకు బిగించిన, అద్దం కట్టిన పటం దొరికింది. అందులో ఓ పాత యుద్ధనౌక, నడిమికి కోసి గీసిన బొమ్మ. బక్కోడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని అన్నం తినడం కూడా మర్చిపోయాడు.

"ఒరేయ్ మొద్దూ, ఇలా చూడు" అన్నాడు. మేస్త్రిని మొద్దూ అనగలిగినవాడు వాడొక్కడే. "వీడెవడో మనలాగే ఓడని కోశాడ్రా. కాకపోతే మనం కోస్తే చస్తుంది, వీడు కోస్తే బతికింది. బతుకంతా విరగ్గొట్టడమేనా? ఒక్కటి కడదాం."

"నీకు మేకు కొట్టడమే రాదు. ఓడేం కడతావ్?"

"నువ్వు కట్టు. నేను లోపల కాపురముంటా."

ఆ పటం ఇప్పటికీ మేస్త్రి ఇంటి గోడమీదే ఉంది. బక్కోడి చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి.

ఓడలు విరిచేవాళ్ళకు ఎక్కడా రాయని కట్టుబాటు ఒకటుంది. హోల్డులోకి దిగేవాడు బూట్లు తొడుక్కుని, తన చెప్పులు పైన మూత దగ్గర విడిచి దిగాలి, వాటి ముందువైపు రంధ్రంవైపు చూసేటట్టు. ఆ చెప్పులు అక్కడున్నంతసేపూ చుట్టుపక్కల ఎవరూ మంట వెలిగించరు. ఎవరి చెప్పులు వాళ్ళే పైకొచ్చి తొడుక్కోవాలి, ఇంకొకడు ముట్టకూడదు. చెప్పులు లేకపోయినా సరే, కోసేముందు ఓడ గోడమీద సుత్తితో రెండు దెబ్బలు కొట్టి చెవి ఆనించాలి. లోపల మనిషుంటే రెండు దెబ్బలు తిరిగి కొడతాడు. ఏ చప్పుడూ రాకపోతే సుత్తి పట్టినవాడు "ఎవరూ లేరు!" అని గట్టిగా కేకెయ్యాలి. ఆ కేక పడ్డాకే నిప్పు.

బక్కోడు చివరిసారి దిగింది పొద్దున. హోల్డులో చెడుగాలి నిలిచి ఉందని ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం వాణ్ణి పైకి తీశారు. ఆ తర్వాత సూపర్‌వైజరు చెప్పులు తీసెయ్యమన్నాడు. ఒక్కరూ కదల్లేదు. చివరికి మేస్త్రి ఒక చెక్కపలక తెచ్చి, చెప్పుల్ని చేత్తో ముట్టకుండా పలకమీదికి జరిపి, వాటి మొహం తిరగకుండా, నిండు నీళ్ళ పళ్ళెం మోసినట్టు ఇంటిదాకా మోసుకొచ్చాడు. ఆ ఓడకు "ఎవరూ లేరు" అన్న కేక ఆయన వెయ్యలేదు. ఇంకెవడో వేశాడు.

చెప్పులు ఆ పలకమీదే ఉండిపోయాయి. భార్య రోజూ వాటి చుట్టూ చీపురు తిప్పుతుంది. ఇల్లు మారినప్పుడు కూడా పలకతో సహా ఆయనే మోశాడు.

చెప్పులతోపాటు బక్కోడి కూతురూ ఆ ఇంటికే వచ్చింది. తల్లి అంతకుముందే పోయింది. నోట్లో వేలు తియ్యని వయసు. మేస్త్రిని పెదనాన్న అనీ, ఆయన భార్యను పెద్దమ్మ అనీ పిలుస్తూ పెరిగింది. ఒకసారి ఆటలో ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతే, ఎన్నడూ గొంతు పెంచని పెదనాన్న ఇల్లదిరేలా అరిచాడు. పిల్ల ఆ పూటంతా మంచం కింద దాక్కుంది. మళ్ళీ ఎప్పుడూ ఆ వైపు పోలేదు.

ఇప్పుడామె విడిగా గది తీసుకుని, పుస్తకాలు బైండు చేసే చోట పనిచేస్తోంది. చేతులెప్పుడూ జిగురు వాసన. ఓడకు ఏ జిగురు ఎక్కడ వాడాలో చెప్పేది ఆమే. తన యజమానులు వేరే ఊళ్ళో ఇంకో బైండింగు కొట్టు తెరుస్తున్నారనీ, వచ్చే వారమే వెళ్ళాలనీ చెప్పడానికి ఒకరోజు వచ్చింది. ఓడ కింద కూర్చుని పైకి చూస్తూ అడిగింది.

"అడుగేది పెదనాన్నా?"

"వేస్తాలేమ్మా."

"ఎప్పుడు? నేనెళ్ళాకా?" గొంతు తగ్గించి అంది. "నాన్న ఎక్కడ పోయాడో నాకెవరూ చెప్పలేదు. ఓడలో పోయాడంటారు. ఓడంటే ఎంత? ఎక్కడ? నేనెళ్ళేలోపు ఆ చోటు చూపించు. ఇంకేం అడగను."

మేస్త్రి చూపు మంచం కిందికి పోయింది.

మర్నాడే మంచం కింది చెక్క బయటికొచ్చింది. పక్కటెముకల కొసలు కలిపే వంపు ముక్కలు, వాటి నడిమిన వెన్నులాంటి దూలం, దానిమీద పరిచే పలకలు. చేతులు పని మరిచిపోలేదు. మనసే మొరాయించింది. ఎందుకంటే హోల్డు రూపం కట్టుకుంటున్నకొద్దీ ఓడలో చప్పుడు మొదలైంది.

మిట్టమధ్యాహ్నం, వీధంతా సద్దుమణిగాక, టక్, టక్. నెమ్మదిగా, దూరంనుంచి వచ్చినట్టు. మేస్త్రి చేతిలో ఉలి ఆగిపోయేది.

"విన్నావా?" అనేవాడు భార్యతో.

"ఎండకి చెక్క బిగుస్తోంది. కాకపోతే బల్లి" అనేది ఆమె. అని, తాను మాత్రం ముందుగదిలోంచి లేచి వంటింట్లోకి పోయేది.

జిగురు పెట్టిన ప్రతి ముక్కనీ వేలి కణుపుతో కొట్టి చూడాలని బక్కోడి కూతురు చెప్పింది. గుల్ల చప్పుడొస్తే అతుకు పట్టనట్టు. మేస్త్రి మిగతా ఓడంతా అలా కొట్టి చూశాడు. హోల్డు పలకల్ని మాత్రం కొట్టలేదు. కొడితే జవాబొస్తుందేమోనని భయం.

చివరగా నిచ్చెన చేశాడు. హోల్డు అడుగునుంచి ఊయలల అంతస్తు దాకా, అక్కణ్ణించి ఫిరంగుల దగ్గరికి, అక్కణ్ణించి పై డెక్కు రంధ్రం దాకా, ఒకదానిమీదొకటి మూడు ముక్కల నిచ్చెన. పటంలో అడుగు ముక్క అంత స్పష్టంగా లేదు. అయినా గట్టి మెట్లు పెట్టి చేశాడు. బరువైన మనిషి కూడా ఎక్కి రాగలడు అనిపించేంత గట్టిగా.

వెళ్ళే రోజు సంచీ తగిలించుకుని ఆమె వచ్చింది. ఓడకు అడుగు పడి ఉంది. సంచీ కింద పెట్టి, మోకాళ్ళమీద కూర్చుని లోపలికి చూసింది.

మేస్త్రి చీపురుపుల్లతో చూపించాడు. "ఇదీ చోటు. నిచ్చెన మొదట్లోనే దొరికాడు. ఒక చెయ్యి మెట్టుమీదుంది."

ఆమె ఆ చోటును వేలితో తాకింది. "ఇంత దగ్గరా!" అంది.

అప్పుడు ఆయన, ఇన్నేళ్ళుగా భార్యకైనా చెప్పని మాట చెప్పాడు.

"మధ్యాహ్నం నేను టీ పట్టుకెళ్ళాను. మూత దగ్గర చెప్పులున్నాయి. సుత్తితో రెండు దెబ్బలు కొట్టాను. లోపల్నించి రెండు దెబ్బలొచ్చాయమ్మా. మెల్లిగా వచ్చాయి, కానీ వచ్చాయి. ఆ కొట్టడం తేడాగా ఉందని అప్పుడే అందర్నీ కేకేశాను, వెంటనే తాళ్ళేసి దిగాం. డాక్టరొచ్చి చూసి, వీడు పొద్దున్నే పోయాడయ్యా, ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయింది అన్నాడు." ఆయన చీపురుపుల్ల కింద పెట్టాడు. "పొద్దున్నే పోతే, నాకు జవాబిచ్చిందెవరమ్మా?"

వంటింటి గుమ్మంలో పెద్దమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పైన తాళ్ళు చిన్నగా కిర్రుమన్నాయి.

"అంటే వాడింకా..." మేస్త్రి చెప్పులవైపు చూశాడు.

"ఇంకా లోపలే ఉన్నాడనుకుంటున్నావు" అంది ఆమె. "అందుకే ఆ చెప్పులు."

"వాడు రాకుండా ఎవరు తీస్తారు? తియ్యకూడదు."

ఆమె లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. చెప్పుల ముందు నిలబడి చాలాసేపు చూసింది. బొటనవేలి గుంట, దాని పక్కన ఇంకా లోతుగా రెండో వేలి గుంట. తన పాదంవైపు చూసుకుంది. బొటనవేలిని మించి పొడుగ్గా ఉండే రెండో వేలు చూసి, చిన్నప్పుడు పెద్దమ్మ ఎగతాళి చేసేది, "ముందు నీ వేలు వస్తుంది, తర్వాత నువ్వొస్తావు" అని.

"పెదనాన్నా, ఈసారి అరవకు."

కుడికాలు పెట్టింది. తోలు ఎండాకులా చప్పుడు చేసింది. ఎడమకాలు పెట్టింది. గుంటల్లో వేళ్ళు వాటంతటవే కుదురుకున్నాయి. మేస్త్రి గోడ పట్టుకున్నాడు. అరవలేదు.

ఒక్క అడుగు వేసిందో లేదో ఎడమ చెప్పు బొటనవేలి ఉంగటం పుటుక్కున తెగింది.

"అయ్యో, ఉండుండు" అంటూ పెద్దమ్మ గిన్నె పక్కన పెట్టి, గాజుల్లోంచి పిన్నీసు తీసి, కింద కూర్చుని ఉంగటాన్ని గుచ్చింది. నోరు మాత్రం ఊరుకోలేదు. "ఆ మనిషీ అంతే. కొత్త చెప్పులు కొనుక్కోరా అంటే పిన్నీసు ఉందిగా వదినా అనేవాడు."

బక్కోడి కూతురు సంచీ భుజాన వేసుకుంది. ఓడవైపు తిరిగి ఒక్కసారి చూసింది. గుమ్మం మెట్లు దిగి, ఎడమకాలు కొద్దిగా ఈడ్చుకుంటూ వీధిలోకి నడిచింది. మలుపు తిరిగేదాకా ఆ ఈడ్పు చప్పుడు వినిపించింది. మేస్త్రికి ఆ నడక తెలుసు. ముందు నడుస్తున్న జతగాడి వెనకాల ఏళ్ళతరబడి విన్న నడక.

గుమ్మం పక్క పలకమీద, దుమ్ములో, రెండు పాదాల ఆకారంలో శుభ్రమైన జాగా మిగిలింది.

మేస్త్రి సుత్తి తెచ్చాడు. చిన్నది, పెన్సిలంత కాడది. ఓడ పక్కన ఒక మోకాలి మీద వంగి, హోల్డు గోడమీద రెండు దెబ్బలు కొట్టాడు. చెవి ఆనించాడు. చెక్క చల్లగా తగిలింది. జిగురు వాసన. ఆయన కళ్ళు మూసుకుని, ఒడ్డున ఎంతసేపు ఆగేవాడో అంతసేపు ఆగాడు. ఇంకొంచెంసేపు కూడా.

వంటింట్లోంచి భార్య, తలుపు కొట్టారేమో అనుకుని, అడిగింది. "ఎవరండీ వచ్చింది?"

ఆయన చెవి ఇంకా ఓడకే ఆనించి ఉంది.

"ఎవరూ లేరు" అన్నాడు మేస్త్రి. లేచి నిలబడి, ఒడ్డున కేకేసినట్టు, ఇంకోసారి గట్టిగా అన్నాడు.